రెండు విడుదలలు

రాజమహేంద్రవరములో “విడుదల” అను మాటకు చాలకాలముగ రెండర్థములున్నవి. ఆ ఊరిలో సెంట్రల్ జైలు ఉన్నది. శిక్ష ముగిసి దాని గుమ్మము దాటి వచ్చిన వానిని విడుదలయినాడందురు. సహాయనిరాకరణ కాలమున, ఉప్పు సత్యాగ్రహ కాలమున, క్విట్ ఇండియా కాలమున ఎందరో దేశభక్తులు ఆ గుమ్మము లోనికి పోయి, మరల వెలుపలికి వచ్చినారు. 1922లో కారాగారశిక్ష పొందిన దువ్వూరి సుబ్బమ్మగారు వారిలో ఒకరు. గోదావరి జిల్లాల వారికి ఈ విడుదల అనిన తెలియనిది కాదు. అది ఇంటింటి కథ.

అదే ఊరిలో ఆదివారము ఉదయమున ఏ క్రైస్తవ దేవాలయములోనికి పోయి కూర్చున్నను ఇదే మాట వినబడును. కాని అక్కడ చెప్పెడి విడుదల వేరు. పాపమునుండి విడుదల, మరణభయమునుండి విడుదల, దయ్యముల భీతినుండి విడుదల. బోధకుడు ఆ మాటను ఎన్ని పర్యాయములు పలుకునో లెక్కింపజాలము. మాట ఒకటే, ఊరు ఒకటే. ఈ రెండు విడుదలలకును పరస్పరము ఏమి సంబంధము గలదని గోదావరి డెల్టా క్రైస్తవులు నూరేండ్లకు పైగా తమలో తాము ప్రశ్నించుకొనుచు వచ్చినారు. ఇతరులు కూడ వారిని ప్రశ్నించినారు. ఒక్కొక్కప్పుడు ఆ ప్రశ్నలో అనుమానము ధ్వనించినది. మీరు స్వర్గము కొరకు విడుదల కోరితిరి సరే, దేశము కొరకు కోరలేదేమి అని. ఈ ప్రసంగములో నేను చెప్పదలచినది ఆ ప్రశ్న పుట్టిన తీరును గూర్చియు, దానికి డెల్టాలో దొరకిన జవాబులను గూర్చియు.

మొదట ఈ క్రైస్తవులెవరో తెలిసికొనవలెను. డెల్టా క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలనుండి వచ్చినవారు. తరతరములుగ పాలేరుతనము చేసినవారు. ఏడాదికొకసారి కామందుతో మాట కుదుర్చుకొనుట, ముందుగ తీసికొన్న అప్పు తీరక మరల అదే కామందు క్రింద ఉండిపోవుట, తండ్రి అప్పునకు కొడుకు పనిలో చేరుట, ఇవి వారి బ్రతుకులు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము 1843లో 5వ చట్టము చేసి బానిసత్వమును న్యాయస్థానములు ఇక గుర్తింపబోవని చెప్పినది. చట్టము కాగితముపై నిలిచినది. అప్పు నిలిచినంతకాలము పాలేరు కదలలేదు.

ఆ చట్టమునకు కొలది సంవత్సరములు ముందుగనే, 1836లో, ఇంగ్లండులోని డెవన్ సీమ బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి ఇద్దరు యువకులు తమ భార్యలతో ఇండియాకు వచ్చినారు. ఒకరు విలియం బౌడెన్, మరియొకరు జార్జి బీర్. బౌడెన్ రాతిపని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. వీరిని ఏ మిషను సంఘమును జీతమిచ్చి పంపలేదు. బ్రదరెన్ అను పేర ప్రసిద్ధమైన సహోదరుల సమాజమునకు చెందినవారగుటచేత, బిషప్పులును, నియమిత గురువులును లేని సంఘమును వారు నమ్మినారు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములు వారి కార్యక్షేత్రములైనవి. చెప్పులు కుట్టిన చేతులతో ఒక తెల్లదొర మాదిగవాడలోనికి వచ్చి కూర్చుండుట ఆనాటి డెల్టాలో ఎంత వింతయో మనము ఊహించుకొనవచ్చును. పుస్తకములలో ఈ సంగతి ఒక పంక్తిలో తేల్చివేయుదురు. నాకు మాత్రము అది ఒక అధ్యాయమునకు చాలినంత విషయముగ తోచును.

తరువాత ధవళేశ్వరము ఆనకట్ట వచ్చినది. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసినది. సర్ ఆర్థర్ కాటన్ దైవభక్తి గల క్రైస్తవుడు. రాళ్ళు మోయుటకు, మట్టి త్రవ్వుటకు, సున్నము నూరుటకు వేలకొలది కూలీలు అక్కడ చేరినారు. ఆ కూలీల మధ్యకు ఈ బోధకులు పోయి బోధించినారు. ఐగుప్తు దేశమున ఇటుకలు చేసిన దాసజనమును మోషే విడిపించిన కథ ఆ కూలీలకు చెప్పినప్పుడు వారేమి అనుకొనిరో ఎవరును వ్రాసియుంచలేదు. కాని కథ వారికి క్రొత్తదైనను బ్రతుకు క్రొత్తది కాదు. పని ముగిసిన పిమ్మట కూలీలు తమ తమ గ్రామములకు తిరిగిపోయినారు. వారితోపాటు ఆ కథయు పోయినది.

రాజమహేంద్రవరములో లూథరన్ల పని 1845లో ఉత్తర జర్మనీ మిషను పంపిన వాలెట్‌తో మొదలైనది. కొలది సంవత్సరములకే అది అమెరికా వారి చేతికి వచ్చినది. ఆ పని ఒక దశలో మూతబడు స్థితికి రాగా, గుంటూరులో 1842లో మిషను స్థాపించిన ఫాదర్ హేయర్ 1869లో, డెబ్బదియారేండ్ల వయస్సున, అమెరికానుండి మరల బయలుదేరి వచ్చి దానిని నిలబెట్టినారు. కాకినాడ కథ వేరు. దాని కొరకు కొంచెము ఆగవలెను.

ఈ బోధలవలన పల్లెలో ఏమి మారినది? ఆత్మ విడుదల అని బోధకులు చెప్పినది నేలమీద ఏ రూపమున కనబడినది? మొదట అది అక్షరము. పేటలో పాక క్రింద బడి. తరువాత అది ఆదివారము. వారములో ఒకరోజు కామందు పొలములోనికి రానని చెప్పుట పాలేరు చరిత్రలో చిన్న సంగతి కాదు. జాతరలో డప్పు కొట్టనని చెప్పుట, చచ్చిన గొడ్డును మోయనని చెప్పుట అట్టివే. తెలుగుదేశపు మిషను చరిత్రలలో ఇట్టి తగవులు పుటపుటకును కనబడును. బోధకుడు ఆత్మనుగూర్చి చెప్పినాడు. విన్నవాడు ఆ మాటను వీపుమీదికిని, చేతులమీదికిని అన్వయించుకొన్నాడు. విన్నవాని అర్థమే గ్రంథమునకు దగ్గర అని నా అభిప్రాయము. నిర్గమకాండమున విడుదల పొందినది ఆత్మలు మాత్రమే కాదుగదా!

అయితే ఈ విడుదల తెచ్చినవాడు దొర. దేశమును ఏలుచున్నవాడును దొర. ఇద్దరు దొరలును ఒకరు కారు. కలెక్టరు బంగళాయు, మిషను బంగళాయు ఎల్లప్పుడును కలిసి నడువలేదు. కాని పల్లెలోనివానికి ఆ భేదము సులభముగ కనబడదు. కనబడినను, కామందు కొట్టినప్పుడు ఫిర్యాదు చేయుటకు మిషను దొర ఒక్కడే దిక్కు. ఆ దిక్కును వదలుకొని ఎవరితో చేరవలెను?

ఈ ప్రశ్న 1907లో మొదటిసారి ఎదురైనది. ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించినారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు వాటిని తెనుగున వినిపించినారు. పట్టణము ఉడుకెత్తినది. ట్రైనింగు కాలేజీలో విద్యార్థులు వందేమాతరము బిళ్ళలు ధరించినారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వారిని శిక్షించినాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైనారు. ఇదంతయు పట్టణ చరిత్ర, చదువుకున్న అగ్రవర్ణముల చరిత్ర. పేటలలోని క్రైస్తవులకు ఆ ఉపన్యాస వేదిక ఎంతో దూరము. నాలుగు వీధుల దూరమే కావచ్చును, అయినను దూరమే. ఆ వేదికపై దేశమాత బంధవిమోచనమును గూర్చి విని కన్నీరు కార్చిన పెద్దలలో ఎందరి పెరటి బావిలో ఆ క్రైస్తవుడు నీరు తోడుకొనగలడు?

సంఘములో చెప్పెడి బోధయు వారిని ఆ వేదికవైపు నడపలేదు. పై అధికారులకు లోబడియుండవలెనను పౌలు ఉపదేశమును తరచుగ చదివెడివారు. బ్రదరెన్ సంఘములలో విశ్వాసి పరలోక పౌరుడనియు, లోకరాజకీయములు అతనికి తగవనియు గట్టి అభిప్రాయముండెను. అమెరికా మిషనరీలకు ఇంకొక చిక్కు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, బ్రిటిషు ప్రజలు కాని మిషనరీలు ఇండియాలో పనిచేయవలెనన్న, చట్టబద్ధమైన ప్రభుత్వమునకు విరుద్ధముగ నడువబోమని వారి సంఘములు హామీ ఇయ్యవలసివచ్చినది. ఆ హామీ ఎంత దూరము పోగలదో మదుర మిషనులోని అమెరికను రాల్ఫ్ రిచర్డ్ కైతాన్ కథ చెప్పును. జాతీయోద్యమముపై సానుభూతి చూపినందుకు 1930లో ఆయనను దేశమునుండి పంపివేసినారు. రాజమహేంద్రవరములోని అమెరికా దొరల మనస్సులో ఏమున్నను నోరు కట్టబడియుండెను. తమ దేశము ఇంగ్లండుపై తిరుగబడి స్వాతంత్ర్యము సంపాదించుకొన్నదని బడిలో పాఠము చెప్పగలరుగాని, ఆ పాఠమును వీధిలోనికి తీసికొనిరాలేరు.

సహాయనిరాకరణ కాలమున రెండు పాటలు పుట్టినవి. గరిమెళ్ళ సత్యనారాయణగారి “మాకొద్దీ తెల్లదొరతనము” ఆంధ్రదేశమంతట మారుమ్రోగినది. దాని కొరకు కవి కారాగారమునకు పోయినాడు. రాజమహేంద్రవరమునకు చెందిన కుసుమ ధర్మన్నగారు ఆ పాటకు ఎదురుగ “మాకొద్దీ నల్లదొరతనము” వ్రాసినారు. తెల్లదొర పోయినను మా మెడపైనున్న నల్లదొర పోవునా అని అంటరానివారి పక్షమున ఆయన అడిగినది. ధర్మన్నగారిది క్రైస్తవ రచన కాదు. కాని డెల్టాలోని పేట క్రైస్తవుడు సరిగా ఈ రెండు పాటల మధ్య నిలిచియున్నాడు. మొదటి పాట వినుటకు అతనికి సంకోచము, పాడినచో బడిపంతులు ఉద్యోగము పోవచ్చును. రెండవ పాట అతని బ్రతుకే. ఇక బోధకుడు చెప్పెడి మూడవ దాస్యము, లోపలి దాస్యము, ఆ రెండు పాటలలోను లేదు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి, గ్రంథములో ఏమున్నదో చూతము. యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయమున ఒక సంవాదమున్నది. సత్యము మిమ్మును స్వతంత్రులను చేయునని యేసు చెప్పగా, విన్నవారు మేమెన్నడును ఎవరికిని దాసులము కాలేదని బదులు చెప్పుదురు. ఆ మాట అన్నవారు ఆ దినమున రోమా చక్రవర్తికి పన్ను కట్టుచున్నవారు! వీధిలో రోమా సైనికులు తిరుగుచున్నారు. అయినను తమ దాస్యము తమకు కనబడలేదు. యేసు వారి రాజకీయ దాస్యమును ఎత్తిచూపలేదు, లోపలి దాస్యమును ఎత్తిచూపినాడు. మన బోధకులు ఈ ఘట్టమునుండి రాజకీయ స్వాతంత్ర్యము ముఖ్యము కాదని గ్రహించినారు. నాకు వేరొకటి తోచును. మనుష్యుడు తన సంకెలను తానే చూడలేడని, దానిని వేరొకరు చూపవలసియున్నదని అక్కడ ఉన్నది. దేశభక్తునికి కులపు సంకెల కనబడలేదు. బోధకునికి పరపాలన సంకెల కనబడలేదు. పల్లెలోనివానికి రెండును తగిలినవి.

చిత్రమేమనగా, ఆనాడు స్వరాజ్యమునకు లోపలి అర్థము చెప్పినవాడు బోధకుడు కాదు, గాంధీమహాత్ముడు. 1909లో ఓడ ప్రయాణములో వ్రాసిన “హింద్ స్వరాజ్” గ్రంథమున ఆయన స్వరాజ్యమనగా తన్ను తాను ఏలుకొనుట అని చెప్పినారు. ఇంగ్లీషువారు పోయి ఇంగ్లీషు పద్ధతి మిగిలినచో అది స్వరాజ్యము కాదన్నారు. అంతకుముందే ఇదే రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగంగారు 1881లో మొదటి వితంతు వివాహము జరిపించి, లోపలి దాస్యము వదలనిదే బయటి విడుదల లేదని చేతలతో చూపియున్నారు. కనుక ఆధ్యాత్మిక స్వాతంత్ర్యము క్రైస్తవుల సొత్తనియు, జాతీయ స్వాతంత్ర్యము హిందువుల సొత్తనియు పంచిపెట్టుట సాధ్యము కాదు. డెల్టా చరిత్ర ఆ పంపకమును ఒప్పుకొనదు.

ఇంతకు ముందు కాకినాడ కొరకు ఆగవలెనంటిని. అక్కడ 1870కి కొంచెము ఇటునటుగ థామస్ గాబ్రియేల్ అను తెలుగు క్రైస్తవుడు తంతి శాఖలో ఉద్యోగము వదలుకొని, ఏ విదేశీ సంఘము క్రిందను చేరక, స్వయముగ ఒక బాప్టిస్టు మిషను నడపినాడు. బోధకులను పెట్టినాడు, ఊరూర తిరిగినాడు. అప్పులపాలైనాడు. చివరకు కెనడా బాప్టిస్టులకు కబురు పెట్టగా, 1874లో మెక్లారిన్ దొర కాకినాడకు వచ్చి ఆ పనిని తన చేతిలోనికి తీసికొన్నాడు. మరుసటి సంవత్సరము ప్రారంభముననే గాబ్రియేల్ మరణించినాడు. కాకినాడలో నేటికిని మెక్లారిన్ పేర హైస్కూలు గలదు. గాబ్రియేల్ పేరు చరిత్ర చదివినవారికి తెలియును. డెల్టాలో క్రైస్తవుల స్వరాజ్య చరిత్ర ఈ మనుష్యునితో మొదలుపెట్టవలెనని నా మనవి. ఎందుకనగా, క్రైస్తవునికి జాతీయ స్వాతంత్ర్య ప్రశ్న మొదట దేశములో ఎదురుకాలేదు, తన సంఘములోనే ఎదురైనది. మిషను సొమ్ము ఎవరిది? బోధకుని జీతము ఎవరు నిర్ణయింతురు? ఆయనను ఎక్కడికి బదిలీ చేయవలెనో ఎవరు చెప్పుదురు? దొర ఇంటికి పోయినప్పుడు అయ్యగారు కుర్చీలో కూర్చుండునా, వరండాలో నిలుచుండునా?

ఈ కుర్చీ ప్రశ్నను లోకము ముందు పెట్టినవారు అజరయ్యగారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమ తమిళుడు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో 1903లో స్థాపించిన మిషను పక్షమున నైజాము రాజ్యములోని దోర్నకలునకు వచ్చి తెలుగు నేర్చి, తెలుగువారి మధ్య పనిచేసినారు. 1910లో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. ఆ సభలో ఆయన లేచి, విదేశీ మిషనరీలకును దేశీయ సేవకులకును మధ్య నిజమైన స్నేహము లేదని నిర్మొగమాటముగ చెప్పినారు. సభలో కొందరికి కష్టము కలిగినది. 1912లో ఆయన దోర్నకలు బిషప్పుగ అభిషిక్తులైనారు. ఆంగ్లికను సంఘములో బిషప్పయిన మొట్టమొదటి భారతీయుడాయన. గోదావరికి ఎగువ తీరమున భద్రాచలము దాపున ఉన్న దుమ్ముగూడెము మిషను ఆయన అధ్యక్షమండలములోనిదే.

రాజమహేంద్రవరము, గుంటూరు లూథరన్లు 1927లో ఏకమై ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘముగ ఏర్పడినారు. పేరులో “ఆంధ్ర” అను పదము చేరినది, “మిషను” అను పదము తొలగినది. అయినను మిషను వారి మాటకు బలము వెంటనే తగ్గలేదు. ఆంధ్రోద్యమము సాగుచున్న ఆ దినములలో సంఘము ఆ పేరు పెట్టుకొనుట ఊరక జరిగినదని నేననుకొనను.

ఆ మార్పు చాలదనుకొన్నవారు కూడ ఉండిరి. రాజమహేంద్రవరము దాపున జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసుగారు లూథరన్ సంఘములో చిరకాలము పనిచేసినవారు. 1938 జనవరి 31న, రాజమహేంద్రవరములో, “బైబిలు మిషను” అను పేరు ఆకాశమున బంగారు అక్షరములతో తనకు చూపబడినదని ఆయన సాక్ష్యము చెప్పినారు. లూథరన్ సంఘమునుండి బయటికి వచ్చినారు. ఆ దర్శనమును నమ్మవలెనో లేదో ఎవరి విశ్వాసము వారిది. చరిత్ర చదువువాడు గుర్తింపవలసినది మరియొకటి. ఒక తెలుగువాడు, తెలుగు నేలపై, ఏ విదేశీ సంఘము అనుమతియు అడుగక, ఏ విదేశీ సొమ్మును ఎదురుచూడక ఒక సంఘము నెలకొల్పినాడు. ఆయన 1960లో కన్నుమూసినారు. ఆ సంఘము ఆంధ్రదేశమంతట వ్యాపించినది. దేవదాసుగారు రాజకీయ సభలలో మాటలాడినవారు కారు. సన్నిధిలో మౌనముగ కనిపెట్టుట ఆయన మార్గము. అట్టివారి వలన సంఘములో జరిగిన ఈ పనిని స్వదేశీ అనకపోయిన మరేమి అనవలెను?

దేశ రాజకీయములలో మాత్రము దారి ఇంత సూటిగ లేదు. 1919 చట్టము మదరాసు శాసనసభలో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములిచ్చినది. 1935 చట్టము ప్రకారము మదరాసు శాసనసభలో వారికి 8 స్థానములు వచ్చినవి. క్రైస్తవుడు క్రైస్తవునికే ఓటు వేయవలెను. అజరయ్యగారు ఈ పద్ధతిని వ్యతిరేకించినారు. సంఘము ఒక రాజకీయ కులముగ మారిపోవునని ఆయన భయము. ఆ విషయమున గాంధీజీ అభిప్రాయమునకు దగ్గరగ ఉన్న ఈ బిషప్పే, హరిజనుల మతాంతర విషయమున గాంధీజీతో గట్టిగ విభేదించినారు. 1933 డిసెంబరులో గాంధీజీ హరిజనయాత్రకు ఆంధ్రదేశమున పర్యటించినారు. హరిజనునికి కావలసినది ఆలయప్రవేశము, కులహిందువు పశ్చాత్తాపము అని ఆయన వాదము. హరిజనుడు తన మతమును తానే ఎంచుకొను స్వేచ్ఛ గలవాడని బిషప్పు వాదము. ఇద్దరును హరిజనుని విడుదల కొరకే మాటలాడుచున్నారు. అతని మనస్సును ఎవరు ఎరుగుదురన్న దగ్గర తగవు వచ్చినది. ఈ తగవులో గాంధీజీ పక్షము వహించుట నాకు కష్టము. తన దేవుని తానెంచుకొనలేనివాడు ఓటు ఎంచుకొనగలడా?

ఈ సందర్భమున మా ఆకాశవాణిలో కొంతకాలము పనిచేసిన ఒక మహాకవిని తలవకుండుట సాధ్యము కాదు. గుర్రం జాషువాగారు వినుకొండలో పుట్టినను, యౌవనమున 1915–16 ప్రాంతములో రాజమహేంద్రవరములో మూగచిత్రములకు కథ చెప్పి పొట్టపోసికొన్నారు. తెరమీద బొమ్మలు కదలుచుండ, చీకటిలో నిలిచి మాటలు పలుకుట ఆయన ఉద్యోగము. క్రైస్తవ కుటుంబమున పుట్టి, అంటరానితనము అనుభవించి, దేశమును ప్రాణముగ ప్రేమించిన ఆ కవి 1941లో “గబ్బిలము” ప్రకటించినారు. గుడిలోనికి పోలేని పేదవాడు, గుడిలో స్వేచ్ఛగ తిరుగు గబ్బిలముచేత కాశీలోని శివునికి తన మొర పంపుకొనును. గబ్బిలము ఎగిరిపోవలసిన దారిలోని నేలనంతటిని కవి ఎంత గర్వముతో వర్ణించినాడో చదివినవారికి తెలియును. దేశమును అంతగా ప్రేమించినవానికి దేశములో గుడి తలుపు మూసియున్నది. తెల్లదొరతనపు పాటయు, నల్లదొరతనపు పాటయు ఒకే గొంతులో వినబడినది అక్కడనే. 1957 నుండి 1959 వరకు ఆయన మదరాసు ఆకాశవాణి కేంద్రములో ప్రొడ్యూసరుగ ఉండిరి. ఆ కాలముననే, 1958లో, “క్రీస్తు చరిత్ర” వెలువడినది. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

1947 ఆగస్టు 15 వచ్చినది. ఆరు వారములకు, సెప్టెంబరు 27న, మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు తమ తమ దొరలు నేర్పిన భేదములను విడిచి ఒకటైనారు. దోర్నకలు అందులో చేరినది. డెల్టాలోని లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరెన్ సంఘములవారు చేరలేదు. దేశము విడుదలైన యేడు సంఘములన్నియు ఒకటి కాలేకపోయినవి. ఇది పాత మాట, తడుముటవలన లాభము లేదు.

రాజ్యాంగ సభలో జరిగినది మరింత ముఖ్యము. క్రైస్తవ ప్రతినిధులు, వారిలో సభకు ఉపాధ్యక్షులైన హెచ్.సి. ముఖర్జీగారు, జెరోం డిసౌజాగారు ప్రముఖులు, 1949లో మతము పేర ప్రత్యేక స్థానములు తమకు వద్దన్నారు. అజరయ్యగారు 1945 జనవరి 1న మరణించినారు, ఆయన కోరినది నాలుగేండ్ల తరువాత నెరవేరినది. 25వ అధికరణము తన మతమును నమ్ముటకే కాక ప్రచారము చేయుటకు కూడ ప్రతి మనుష్యునికి హక్కిచ్చినది. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. బోధకుడు చెప్పిన విడుదలయు, దేశభక్తుడు చెప్పిన విడుదలయు, ధర్మన్న అడిగిన విడుదలయు ఒకే గ్రంథములో వ్రాయబడినవి.

ఆ గ్రంథము అమలులోనికి వచ్చి ఏడు నెలలు గడువకముందే, 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డు కులములను గూర్చి రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. హిందూమతము కాక వేరొక మతము అవలంబించినవాడు షెడ్యూల్డు కులమువాడుగ ఎంచబడడని దానిలోని మూడవ పేరా చెప్పినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ నిషేధమునుండి మినహాయించినారు. క్రైస్తవులను మినహాయింపలేదు. బాప్తిస్మము తీసికొన్నంతమాత్రమున మాలపల్లె ఊరి నడుమకు రాదు. బావి దగ్గరకు రాదు. కామందు అప్పు మాఫీ కాదు. కాని చట్టము దృష్టిలో ఆ మనుష్యుడు ఆ క్షణమున ఆ పల్లెవాడు కాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నాటినుండి అట్టివారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగ చేర్చి, నూటికి ఒక్క వంతు కేటాయించినారు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషనును ఈ విషయము విచారించుటకు నియమించినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల ప్రతిపత్తి ఇయ్యవలెనని కేంద్రమును కోరుచు తీర్మానించినది.

ఈ ఉత్తరువు ధర్మమని సమర్థించువారు గలరు. క్రైస్తవ మతము కులము లేదని చెప్పునుగదా, లేని కులమునకు హక్కెట్లు అడుగుదురని వారి ప్రశ్న. ప్రశ్నలో కొంత న్యాయమున్నది. అది సంఘమునకు వేయవలసిన ప్రశ్న. మాల క్రైస్తవునికిని మాదిగ క్రైస్తవునికిని మధ్య పెండ్లి సంబంధము ఎన్ని సంఘములలో జరుగుచున్నదో, కమ్మ, రెడ్డి క్రైస్తవులు ఏ వరుసలో కూర్చుందురో సంఘపెద్దలకు తెలియనిది కాదు. కాని ఆ ప్రశ్న సంఘమునకు వేసి, శిక్ష కూలివానికి విధించుట సరి కాదు.

నరసాపురమునుండి పాలకొల్లు మీదుగ భీమవరము వైపు పోవు దారిలో ఆదివారము నాడు పేటలలో గంటలు మ్రోగును. ఆ దేవాలయములలో పిలువబడు పేర్లు యోహాను, మార్తమ్మ, యాకోబు, రూతు. మరునాడు బడిలో హాజరుపట్టీ తీసినచో ఆ యోహానుకు వేరు పేరు ఉండవచ్చును, ఆ రూతుకు వేరు పేరు ఉండవచ్చును. తల్లి పెట్టిన పేరు ఒకటి, చదువు కొరకు వ్రాయించిన పేరు మరియొకటి. ఏ పేరుతో పిలిచినను బిడ్డ పలుకును. సర్టిఫికేటు కొరకు తహసీలుదారు కచేరీకి పోయినప్పుడు మాత్రము, మీది ఏ మతమని గుమాస్తా అడిగిన క్షణమున, తండ్రి కొంతసేపు ఊరకుండును.